లోపలి గోడ తీయించడానికి పర్మిషన్: కడపలో నా అనుభవం

"మన ఇంట్లో మన గోడ పడగొట్టుకోవడానికి పర్మిషన్ ఏంది?" మా వీధిలో ఎవరినడిగినా ఇదే మాట. మేస్త్రీ అయితే గోడ మీద అరచేత్తో కొట్టి చూసి, "ఏముండాదన్నా, రెండు దినాల పని" అన్నాడు. పనిమంతుడే, అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ ఆ గోడ ఏం మోస్తోందో చేత్తో కొడితే తెలియదు కదా.

కడప ఎర్రముక్కపల్లెలోని మా ఇల్లు 1991లో నాయన కట్టించింది. మోకాళ్ల ఆపరేషన్ తర్వాత అమ్మ వాకర్‌తో నడుస్తోంది. హాలుకూ లోపలి గదికీ మధ్య వాకిలి మరీ ఇరుకు. అందుకని మధ్య గోడ తీసేసి రెండూ ఒకటి చేద్దామనుకున్నాం.

ముందు మా వార్డు సచివాలయానికి వెళ్లాను. అక్కడి ప్లానింగ్ సెక్రటరీ చిన్నవాడే అయినా, నేను చెప్పిందంతా విని ఒకటే అడిగాడు: "గోడ పైన ఏముంది సార్?" పైన మేడ గది గోడ ఉంది, దాని మీద డాబాపై వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంది. నిండితే ఒక్క నీళ్లే టన్ను బరువు. అది వినగానే, ఇంజనీరు రిపోర్టు లేకుండా ముందుకు పోవద్దన్నాడు.

జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016లో పర్మిట్ అక్కర్లేని పనుల జాబితా ఉంది. తలుపు, కిటికీ పెట్టడం, మూయడం, గదుల మధ్య దారి పెట్టుకోవడం, పార్టిషన్ కట్టుకోవడం, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, రంగులు, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. మా వీధివాళ్ల మాటలో అంతవరకు నిజముంది. కానీ అదే చోట, ఆ పని కట్టడం పటిష్ఠతను దెబ్బతీయకూడదని కూడా ఉంది. నాలుగున్నర అంగుళాల అడ్డగోడకూ, స్లాబు మోసే తొమ్మిది అంగుళాల గోడకూ తేడా అక్కడే వస్తుంది.

స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి ముందు దర్వాజా దగ్గర టేపు పెట్టాడు. ప్లాస్టరింగ్‌తో కలిపి పది అంగుళాలు వచ్చింది. తర్వాత నిచ్చెన ఎక్కి సీలింగ్‌లో అరచేయంత మేర సిమెంటు గీకించాడు. స్లాబు కమ్మీ బయటపడింది. మెయిన్ కమ్మీలు గోడకు అడ్డంగా వచ్చి దాని మీదే ఆనుతున్నాయి. "రండి, మీరూ చూడండి" అని నన్నూ నిచ్చెన ఎక్కించాడు. చూశాక నాకింక ఏ అనుమానమూ లేదు. గోడ మొత్తం తీయకుండా రెండు చివర్లా కొంత ఉంచి, వాటి మీద గర్డర్ ఆనడానికి కాంక్రీటు దిమ్మెలు (బెడ్ బ్లాకులు) వేసి, పైన ఇనుప గర్డర్ ఎక్కించాలని డ్రాయింగ్ గీసి ఇచ్చాడు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎల్‌టీపీ ద్వారా పెట్టాలన్నారు. ఎల్‌టీపీ అంటే లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్. మొదట వెళ్లిన ఆఫీసులో ఇల్లు చూడకుండానే, "సంతకం మేం పెట్టిస్తాం, మీకెందుకు టెన్షన్" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ సంతకం కింద మా అమ్మ పడుకుంటుంది. ఇంటికొచ్చి కొలతలు తీసుకున్న ఇంకొకాయనకే పని ఇచ్చాను.

అసలు ఆలస్యమంతా దరఖాస్తుతో పెట్టాల్సిన పాత కాగితాల దగ్గరే జరిగింది. నాయన ట్రంకు పెట్టెలోని బ్లూప్రింటు మడతల దగ్గర చిరిగి, సరిగ్గా స్టాంపు ఉన్న చోటే పోయింది. కడప కార్పొరేషన్ అయింది 2004లో. మాది మున్సిపాలిటీ కాలం నాటి ప్లాను. సర్టిఫైడ్ కాపీ కోసం 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. జవాబివ్వడానికి చట్టంలో 30 రోజుల గడువు ఉంది కాబట్టి అడగడానికి ఒక పట్టు దొరుకుతుంది. పాత ఇల్లున్నవాళ్లు గోడ సంగతి తర్వాత, ముందు ఈ అర్జీ పెట్టుకోండి.

ఇల్లు అప్పటికింకా నాయన పేరు మీదే ఉంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో అర్జీ పెట్టి, పన్ను బకాయి కట్టేసి, పేరు మార్పించాం. బెంగళూరులో ఉన్న అక్క సమ్మతి కూడా కావాల్సొచ్చింది. టైపు చేసినాయన తన దగ్గరున్న పాత నమూనాలో "నాకు ఎటువంటి హక్కూ లేదు" అని కొట్టేశాడు. ఆ వాక్యం తీయించి, "ఈ సమ్మతి గోడ మార్పుకు మాత్రమే, ఇంట్లో నా వాటా యథాతథం" అని రాయించాను. హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి, నిజమే. అయినా ఆడపిల్ల చేత తెలియకుండా అలాంటి వాక్యం మీద సంతకం పెట్టించడం తప్పు. అక్క ఫోన్లో రెండుసార్లు చదివించుకుని, "ఇప్పుడు బాగుందిరా" అని నోటరీ చేయించి పంపింది.

పర్మిషన్ వచ్చాక పని చకచకా సాగింది. ట్యాంకు ఖాళీ చేయించి, మేడ గదిలో సామానంతా దించేశాం. స్లాబు కింద గోడకు రెండు వైపులా జాకీలు నిలబెట్టాకే ఇటుక కదిలించనిచ్చాడు ఇంజనీరు. "ఇన్ని జాకీలెందుకన్నా" అన్న మేస్త్రీ కూడా, గర్డర్ ఎక్కించే రోజు ఒక్కొక్కటీ తనే బిగించి చూసుకున్నాడు. పైగది గోడలో అంతకుముందే ఉన్న సన్నని చీలిక మీద ఇంజనీరు గాజు పట్టీ అతికించి తేదీ రాశాడు. గోడ కదిలితే ఆ గాజు పగులుతుందట. గాజు పగలకుండా అలాగే ఉంది.

పని జరిగేటప్పుడు తీసిన ఫొటోలు, డ్రాయింగు, ఇంజనీరు రిపోర్టు, పర్మిషన్ కాపీ అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇంటి దస్తావేజులతో కలిపాను. రేపు ఇల్లు అమ్మినా, లోనుకు పోయినా ముందు అడిగేవి ఇవే. ఇంకో సెట్టు జిరాక్స్ తీయించి అక్కకు రిజిస్టర్ పోస్టులో పంపాను.