అంపైర్ ప్యాంటు నిలబెట్టి కొలవకూడదు

బేస్‌బాల్ అంపైర్ల ప్యాంట్లు సరిచేస్తానంటే తెనాలిలో మా అక్క నమ్మదు. ఆవిడ దృష్టిలో అంపైరంటే తెల్ల టోపీ పెట్టుకుని, ఆటగాళ్ళ స్వెట్టర్లు నడుముకి కట్టుకుని, ఎండలో కదలకుండా నిలబడే పెద్దమనిషి. ఆయన ప్యాంటుకి వచ్చిన కష్టమేంటే అంటుంది. క్రికెట్‌లో అయితే నిజమే, బౌలర్ వైపు వికెట్ల వెనక నిలబడే అంపైర్‌కి బ్యాటర్ 22 గజాల అవతల ఉంటాడు. బేస్‌బాల్‌లో బ్యాటర్ నిలబడేచోట నేల మీద ప్లేట్ అని ఒక తెల్ల పలక ఉంటుంది, దాని వెనక బంతి పట్టేవాడు క్యాచర్. ప్లేట్ అంపైర్ ఆ క్యాచర్ వీపుకి ఆనుకున్నంత దగ్గరగా నిలబడి, ప్రతి బంతికీ కాళ్ళు ఎడంగా పెట్టి సగం కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూడాలి. మేజర్ లీగ్ అనే ఇక్కడి పెద్ద లీగు మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి దాదాపు 300 బంతులు వేస్తారు. అన్ని గుంజీళ్ళు మా డ్రిల్లు మాస్టారు కూడా తీయించలేదు.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇక్కడ మనవాళ్ళకి కొదవలేదు కాబట్టి బ్లౌజులకీ చీర ఫాల్స్‌కీ కరువుండదు, కానీ అది ఇంటి దగ్గర పని. పగలు ఒక డ్రైక్లీనింగ్ షాపులో ఆల్టరేషన్ కౌంటర్ నాది. హెచ్1బీ ఉద్యోగుల భార్యలకీ భర్తలకీ ఇచ్చే హెచ్4 వీసా వాళ్ళలో కొందరికి పని చేసుకునే వీలు 2015లో వచ్చింది. అంతకుముందు ఎంత బాగా కుట్టినా పైసా తీసుకోవడానికి లేదు, ఫ్రెండ్స్ పిల్లల లంగాలు ఊరికే కుట్టిపెడుతూ కూర్చోవడమే. పని చేసుకోవచ్చని చెప్పే ఈఏడీ కార్డు చేతికొచ్చాక ఈ కౌంటర్ దొరికింది, దాంతోపాటు అంపైర్ల ఈ బూడిదరంగు ప్యాంట్లూ తగులుకున్నాయి. టెక్సస్‌లో హైస్కూల్ బేస్‌బాల్ ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా నడుస్తుంది. ఆ నెలల్లో ఒక్కోసారి నా హ్యాంగర్ల మీద పెళ్ళి సూట్ల కంటే ఇవే ఎక్కువ కనిపిస్తాయి.

కస్టమర్ రాగానే నేను అడిగేది ఒకటే, షిన్‌గార్డులూ ప్లేట్ బూట్లూ తెచ్చారా అని. తేలేదంటే కారులో చూసి రమ్మంటాను, సీజన్‌లో అంపైర్ల డిక్కీ నిండా అవే ఉంటాయి. షిన్‌గార్డంటే మోకాలి చిప్ప నుంచి పాదం మీదిదాకా కాలి ముందు భాగాన్ని కప్పే గట్టి ప్లాస్టిక్ కవచం, వెనక పట్టీలతో బిగిస్తారు. క్యాచర్ దాన్ని ప్యాంటు పైన కట్టుకుంటాడు, అంపైర్ ప్యాంటు లోపల కట్టుకుంటాడు, తంటా అంతా అక్కడే. కూర్చున్నప్పుడు బట్ట మోకాలి దగ్గర ఆ కవచం అంచుకి పట్టుకుంటుంది, లేచాక తనంతట తాను కిందికి జారదు, ఇక మనిషి ఆటంతా బంతి బంతికీ తొడ దగ్గర ప్యాంటు లాక్కుంటూ ఉంటాడు. చూసేవాళ్ళకి అది ఎంత అసహ్యంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు, కోచ్‌లు ముందే అంపైర్ మీద కారాలు మిరియాలు నూరుతుంటారు.

అందుకే ఈ ప్యాంట్లు మూడు రకాలుగా అమ్ముతారు. ప్లేట్ ప్యాంటు మోకాలి నుంచి కిందికి బాగా వెడల్పు, లోపల షిన్‌గార్డు పట్టాలి కాబట్టి. బేస్ ప్యాంటు మామూలు ప్యాంటులా సన్నం, అది బేసుల దగ్గర, అంటే పరుగు తీసేవాళ్ళు తాకుతూ పోయే మూలల దగ్గర, పరిగెత్తే అంపైర్‌కి. రెంటికీ మధ్యగా కాంబో అని ఇంకోటి. హైస్కూల్ మ్యాచ్‌కి సాధారణంగా ఇద్దరే అంపైర్లు, ఒకే రోజు రెండు మ్యాచ్‌లుంటే మొదటిదాంట్లో ప్లేట్ దగ్గరున్నవాడు రెండోదాంట్లో బేసుల దగ్గరుంటాడు, అందుకని చాలామంది కాంబోతో సరిపెట్టుకుందామనుకుంటారు. నా మటుకు నేను వద్దనే చెబుతాను. పిక్కలు సన్నగా ఉన్నవాళ్ళకి కాంబో బాగానే నడుస్తుంది. కాస్త కండ ఉన్న కాలికి షిన్‌గార్డు కట్టి అది తొడిగితే మోకాలి కింద బట్ట డోలు చర్మంలా బిగుసుకుంటుంది. డబ్బులు ఒక్కదానికే ఉంటే ప్లేట్ ప్యాంటు కొనుక్కోండి, బేసుల దగ్గర కాస్త వదులుగా కనిపిస్తే కొంపలేం మునగవు.

ఇక కొలతలు. అన్నీ తొడిగించి, బెల్టు పెట్టించి, అద్దం ముందు నిలబెట్టి ఒకసారి చూస్తాను, అది వాళ్ళ తృప్తి కోసం. తర్వాత "ప్లేటు వెనక ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి" అంటాను. మొదటిసారి వచ్చినవాళ్ళు సిగ్గుపడతారు, షాపులో జనం ఉంటారు మరి. నేను కింద కూర్చుని మోకాలి పక్కన బట్టని చిటికెతో పట్టుకుని లాగుతాను. చిటికెడు బట్ట కూడా చేతికి రాకపోతే ఆ ప్యాంటు వాపసు ఇచ్చేయమంటాను, ఎందుకంటే పక్క కుట్టు లోపల విప్పడానికి మిగులు బట్ట కంపెనీవాళ్ళు పెద్దగా వదలరు. తర్వాత వెనక్కి వెళ్ళి, వంగినప్పుడు నడుము పట్టీ ఎంత కిందికి దిగుతోందో చూస్తాను. రెండు వేళ్ళ మందం దాటి దిగిందంటే రెండో ఇన్నింగ్స్‌కల్లా చొక్కా బయట ఉంటుంది.

అలా దిగుతుంటే జనం నడుము బిగుతైందనుకుని ఒక సైజు పెద్దది కొంటారు. తేడా నడుములో కాదు, ముందు బెల్టు దగ్గర్నుంచి కాళ్ళ మధ్యగా వెనక బెల్టు దాకా పోయే కొలతలో ఉంది. అది చాలకపోతే నడుము ఎంత వదులు చేసినా కూర్చోగానే పట్టీ కిందికి లాగుతుంది, బట్ట గట్టిదైతే కుట్టు విడిపోతుంది. ఒకాయన మూడో ఇన్నింగ్స్‌లో వెనక కుట్టు పోతే జాకెట్ నడుముకి చుట్టుకుని మిగతా ఆట నడిపించి, మర్నాడు షాపు తెరవకముందే గుమ్మంలో నిలబడ్డాడు. ఊరికే మళ్ళీ కుడితే వారం తిరక్కుండా మళ్ళీ వస్తాడని, కాళ్ళ మధ్య నాలుగు కుట్లు కలిసేచోట విప్పి, అదే రంగు సాగే బట్ట డైమండ్ ఆకారంలో చిన్న ముక్క వేసి, పాలియెస్టర్ దారంతో రెండు వరసలు కుట్టి ఇచ్చాను. నిలబడితే ఆ ముక్క బయటికి కనిపించదు.

పొడవు అన్నిటికంటే చివర చూడాలి, అందరూ మొదట అదే చూస్తారు. చాలా ప్యాంట్లు అంచు మడవకుండానే వస్తాయి. ప్లేట్ బూట్లకి పాదం మీద అదనంగా గట్టి కప్పు ఉంటుంది, అంచు దాని మీద వాలాలి, పైగా షిన్‌గార్డు ముందువైపు బట్టని కొంత తినేస్తుంది. మామూలు బూట్లతో కొలిచినదానికంటే అర అంగుళమైనా ఎక్కువ వదులుతాను, లోపల మడతలో ఇంకో అంగుళం దాస్తాను.

ఫ్రిస్కోలో మన తెలుగాయన ఒకరు కొడుకుతోపాటు పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌కి వెళ్ళి వెళ్ళి అంపైర్ అయ్యాడు. హెచ్1బీ మీద ఉన్నాడు, వీసా తెప్పించిన కంపెనీలో తప్ప బయట పనిచేసి సంపాదించకూడదు కాబట్టి డబ్బులిచ్చే మ్యాచ్‌ల జోలికి వెళ్ళడు, లిటిల్ లీగ్‌లో స్వచ్ఛందంగా చేస్తాడు. ఆఫీసు ప్యాంటు లాంటిది ఒకటి తెచ్చి, "అక్కా, ఇది చాలదా, పిల్లలాటే కదా" అన్నాడు. "పిల్లలాటే తమ్ముడూ, ఆ బంతి 140 గ్రాముల పైన ఉంటుంది, నీ మోకాలికి తెలీదుగా అది పిల్లాడు వేశాడని" అన్నాను. అంపైర్ అదనపు బంతులు పెట్టుకునే సంచి కూడా తెప్పించి బెల్టుకి తగిలించి చూపించాను. నాలుగు బంతులేస్తే ఆరొందల గ్రాములకి దగ్గర, అది ఒక పక్కకే వేలాడితే ఆఫీసు ప్యాంటు ఆ పక్కకి జారిపోయింది. అంపైర్ ప్యాంట్లకి లూపులు వెడల్పుగా, ఎక్కువగా ఉండేది అందుకే. కొన్నింటికి పట్టీ లోపల చొక్కా జారకుండా రబ్బరు గీతలు కూడా ఉంటాయి.

ఆడపిల్లల సంగతి వేరే. 2025 ఆగస్టులో జెన్ పావోల్ మేజర్ లీగ్ రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌కి అంపైర్‌గా నిలబడిన మొదటి మహిళ అయింది, కానీ షాపుల్లో దొరికేవి ఎక్కువగా ఇప్పటికీ మగవాళ్ళ కటింగే. హైస్కూల్ చదివే మన అమ్మాయి ఒకత్తి వాళ్ళమ్మతో వచ్చి, "ఆంటీ, సీటు దగ్గర సరిపోతోంది, నడుము వెనకాల ఇంత గ్యాప్" అని పిడికిలి పెట్టి చూపించింది. వాళ్ళమ్మేమో బెల్టు గట్టిగా పెట్టుకోవే అంటోంది. వెనక నడిమధ్య కుట్టు ఉన్న ప్యాంటైతే నాకు పండగే, పట్టీ అక్కడ విప్పి, పైన ఒకటిన్నర అంగుళం లోపలికి తీసి, సీటు దగ్గరికొచ్చేసరికి సున్నా అయ్యేలా కుడతాను. చుట్టూ ఎలాస్టిక్, రబ్బరు గీతలు ఉన్న పట్టీకి ఆ వీలుండదు. అమ్మాయిలు కొనేముందు వెనక ఆ కుట్టు ఉందో లేదో తిరగేసి చూసుకోవాలి.

రంగు విషయంలో నా ఇష్టం చెల్లదు, లేత బూడిదా ముదురు బూడిదా అన్నది వాళ్ళ సంఘం చెబుతుంది, ఇద్దరు అంపైర్లూ ఒకే రంగు వేసుకోవాలి. నన్నడిగితే ముదురుదే, లేతదాని మీద చెమట మరకలు మ్యాపులా కనిపిస్తాయి. జూన్‌లో ఇక్కడ మధ్యాహ్నం 100 ఫారెన్‌హీట్‌కి దగ్గర్లో ఉంటుంది, పైన ముఖానికి మాస్కు, చొక్కా లోపల ఛాతీ కవచం, ఆ ఎండలో ఉన్ని కలిసిన బట్ట ఇస్త్రీ ఎంత బాగా నిలిచినా నేను చెప్పను. సాగే పల్చటి పాలియెస్టర్ తీసుకోండి, చల్లనీళ్ళలో ఉతికి నీడన ఆరేయండి. డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద వేస్తే సాగే గుణం పోతుంది, అది పోయాక నేనేం చేయలేను.

ఫిబ్రవరికి ముందు తెస్తే రెండు రోజుల్లో ఇస్తాను. శ్రావణమాసంలో తెచ్చి అర్జెంటంటే మాత్రం కుదరదు, అప్పుడు ఇంటి నిండా వరలక్ష్మీ వ్రతం బ్లౌజులుంటాయి.