ఊపిరిలో బయటపడే ఆర్‌డీఎక్స్

బాంబు పేలుళ్ల వార్తల్లో తప్ప మనకు వినబడని ఆర్‌డీఎక్స్, అమెరికాలో సైనిక శిక్షణ మైదానాలు, మందుగుండు కర్మాగారాలు ఉన్న కొన్నిచోట్ల, ఉదాహరణకు మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో, భూగర్భజలాల్లోకి ఇంకింది. తాగే నీటితో లోపలికి వెళ్లిన ఈ రసాయనం ఒంట్లో ఏమవుతుందో తెలియజెప్పినవి చాలావరకు ప్రయోగశాల జంతువులే.

1977లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒంట్లో ఎటు పోతోందో జాడ తెలిసేలా రేడియోధార్మిక కార్బన్-14 చేర్చి తయారుచేసిన ఆర్‌డీఎక్స్‌ను గొట్టం ద్వారా నేరుగా ఎలుకల కడుపులోకి ఎక్కించారు. నీటిలో అంతగా కరగని పదార్థం కావడం వల్ల అది పేగుల్లోంచి నిదానంగా రక్తంలోకి చేరింది. రక్తంలో గరిష్ఠ స్థాయికి రావడానికి దాదాపు 24 గంటలు పట్టింది. నాలుగు రోజుల తర్వాత చూస్తే, ఇచ్చిన రేడియోధార్మికతలో సుమారు 43 శాతం ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గా, 34 శాతం మూత్రంలో బయటికి పోగా, మలంలో కనిపించింది 3 శాతమే. మరో 10 శాతం కళేబరాల్లో మిగిలింది.

ఈ లెక్కలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఊపిరి వాటా. ఆర్‌డీఎక్స్ అణువు కార్బన్, నైట్రోజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటిగా అల్లుకున్న ఆరు పరమాణువుల వలయం; అది తెగి, కార్బన్లు విడివడి ఆక్సీకరణ చెందితే తప్ప కార్బన్ డయాక్సైడ్‌గా మారవు. కాబట్టి శరీరం దాన్ని ఉన్నదున్నట్టుగా గెంటివేయడం లేదు, ముక్కలు చేస్తోంది. మూత్రంలో కూడా మార్పు చెందని ఆర్‌డీఎక్స్ చాలా తక్కువగానే దొరికింది.

దీనికి దగ్గరి బంధువైన మరో పేలుడు పదార్థం హెచ్‌ఎంఎక్స్‌ది ఎనిమిది పరమాణువుల వలయం. నోటి ద్వారా ఇచ్చినప్పుడు నాలుగు రోజుల్లో సుమారు 85 శాతం ఎలుకల మలంలోనే పోయింది. అది ఒంటబట్టాక పిత్తం ద్వారా తిరిగి పేగుల్లోకి వచ్చిందేమోనన్న సందేహాన్ని రక్తనాళంలోకి ఎక్కించి చేసిన ప్రయోగం తీర్చింది: అప్పుడు అత్యధిక భాగం మూత్రంలో వెళ్లింది, మలంలో వచ్చింది స్వల్పమే. నోటి ద్వారా వెళ్లినదానిలో చాలావరకు పేగు గోడ దాటనేలేదన్నమాట. మలాన్ని పరీక్షించడం ఒక్కటే సరిపోదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఆర్‌డీఎక్స్ విషయంలో నెమ్మదిగా ఒంటబట్టడం వల్ల ప్రమాదం తప్పిపోదు. ముక్కలు కాకముందే మెదడుకు చేరిన అణువు, నాడీకణాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే గాబా గ్రాహకాలకు అతుక్కుని, వాటి పనిని అడ్డుకుని మూర్ఛ తెప్పిస్తుంది. వియత్నాం యుద్ధకాలంలో, ప్రధానంగా ఆర్‌డీఎక్స్‌తో తయారయ్యే సీ-4 పేలుడు పదార్థాన్ని తిన్న అమెరికన్ సైనికులకు ఫిట్స్ వచ్చింది అందువల్లే, అదీ తిన్న కొన్ని గంటల తర్వాత.