న్యూజిలాండ్‌లో అద్దె కారు, ఇన్సూరెన్స్‌తో నా కుస్తీ

విదేశాల్లో కారు అద్దెకు తీసుకునేటప్పుడు అందరం రోజు అద్దె ఎంతో చూస్తాం గానీ, అసలు చూడాల్సింది ఎక్సెస్, అంటే కారుకు ఏదైనా అయితే మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం, ఎంత అని. మాది కావలి. అమ్మాయి వాళ్లు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటారు. పోయినేడు వెళ్లినప్పుడు కారు తీసుకుని క్వీన్స్‌టౌన్ దాకా తిరిగొద్దామనుకున్నాం. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడపాలి, లైసెన్స్ ఇంగ్లీషులో ఉంటే చాలు కాబట్టి డ్రైవింగ్ గురించి నాకు టెన్షన్ లేదు. ఇన్సూరెన్స్ షరతులు చదివాకే తల తిరిగింది.

బుకింగ్‌లో ఇన్సూరెన్స్ కలిపే ఇస్తామన్నారు. కింద చిన్నక్షరాల్లో ఎక్సెస్ 4,000 న్యూజిలాండ్ డాలర్లు అని ఉంది. అంటే కారుకు ఏదైనా అయితే మొదటి 4,000 మనదే, దాదాపు రెండు లక్షల రూపాయలు, ఆ పైన ఖర్చయితేనే కంపెనీ చూసుకుంటుంది. మా బావకు నెల్లూరులో లారీలున్నాయి, క్లెయిముల్లో తలపండిన మనిషి, ఆయనకు ఫోన్ చేశా.

"మన పాలసీలోనూ ఉంటుంది గదా, చిన్న కారుకు వెయ్యి రూపాయలు, దాన్నెవరూ పట్టించుకోరు. వీళ్లేందబ్బా రెండు లక్షలంటారు?"

అక్కడ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదంటే అస్సలు నమ్మలేదు. నిజమే. రోడ్డు మీద ఎవరికి గాయాలైనా, మనలా చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకైనా, అక్కడి వైద్యం ఖర్చు చాలావరకు ఏసీసీ అనే ప్రభుత్వ పథకం భరిస్తుంది, 1974 నుంచీ ఇదే పద్ధతి. కానీ ఎదుటివాళ్ల కారుకు సొట్ట పడితే ఏసీసీకి సంబంధం లేదు, దానికి అద్దె కంపెనీ కవర్ ఉండాల్సిందే. అది ఉందో లేదో అడిగి చూసుకున్నా.

ఇక ఆ 4,000 ఎలా తగ్గించుకోవాలా అని వెతుకులాట. ఇక్కడ తీసుకున్న ట్రావెల్ పాలసీలో పర్సనల్ లయబిలిటీ (మన వల్ల ఎదుటివాళ్లకు నష్టం జరిగితే ఇచ్చేది) కింద పెద్ద మొత్తమే కనిపించింది, సంబరపడి మినహాయింపులు చదివితే మోటారు వాహనాలకు వర్తించదట. విడిగా ఎక్సెస్ పాలసీలు అమ్మేవాళ్లున్నారు, చౌకే, కాకపోతే ముందు అద్దె కంపెనీ మన కార్డు నుంచి కోసుకుంటుంది, తర్వాత బిల్లులన్నీ పంపి మనం రాబట్టుకోవాలి. పైగా నేను చూసినదాంట్లో ఎక్కడ నివసిస్తున్నారన్న చోట ఇండియానే లేదు. చివరికి అద్దె కంపెనీకే అదనంగా కట్టి ఎక్సెస్ సున్నా చేయించా. అద్దెలో దాదాపు సగం దీనికే పోయింది, మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

సున్నా అన్నారని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మామూలు కవర్‌లో ముందు అద్దం, టైర్లు తరచూ ఉండవు, అవి కలిశాయో లేదో కాగితంలో చూపించమన్నా. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్డు లాంటి ప్రమాదకరమైన కొండదారుల పేర్లు రాసి మరీ అక్కడ ఏ కవరూ చెల్లదంటారు. మందు తాగి నడిపినా, ఒప్పందంలో పేరు లేనివాళ్లు నడిపినా అంతే. అందుకే అల్లుడి పేరు రెండో డ్రైవరుగా ఎక్కించాం.

కౌంటర్‌లో నా పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలన్నారు. మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తాయి, అది ఇంటి దగ్గరే యాప్‌లో చేసుకుని వెళ్లా. తాళాలు తీసుకోగానే కారు చుట్టూ తిరిగి వీడియో తీశా, బంపర్ల కింద కూడా వంగి తీస్తుంటే అక్కడి కుర్రాడు నవ్వాడు. నవ్వనీ.

దారిలో టెకాపో అనే ఊరు దాటాక ఎదురొచ్చిన ట్రక్కు టైరు కింద నుంచి రాయి ఎగిరి టప్‌మని తగిలింది. అద్దం మీద పెసరగింజంత చిట్లింది. పక్కకు ఆపి ఫోటో తీసి కంపెనీకి ఫోన్ చేస్తే, పగులు పాకితే మళ్లీ చెప్పండి, లేకపోతే నడుపుకోండి అన్నారు. కారు అప్పగించేటప్పుడు ఒక ఫారం నింపించుకున్నారు. డబ్బులు అడగలేదు.

కారు ఇచ్చేటప్పుడు కార్డు మీద పెట్టిన హోల్డ్ (డబ్బు తీసుకోకుండా కొంత మొత్తం వాడుకోకుండా ఆపి ఉంచడం) కూడా తర్వాత వదిలేశారు. బుక్ చేసేముందే అది ఉత్త హోల్డా, లేక డబ్బులు తీసేసుకుని తర్వాత తిరిగి వేస్తారా అని అడగండి. తిరిగి వేసే పద్ధతైతే మారకం రేటులో తేడా, బ్యాంకు ఛార్జీలు మన నెత్తినే పడతాయి.