ఓసీటీలో ఎర్ర గడి కనిపిస్తే ముందు తల వంపు చూడాలి: నా అనుభవం

కర్నూలులో కంటి స్కాన్లు తీయడం నా పని. గ్లకోమా (దృష్టి నాడి మెల్లగా దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకు దృష్టి నాడి చుట్టూ నరాల పొర ఎంత మిగిలిందో ఓసీటీతో, అంటే కాంతితో కంటి లోపలి పొరలను కొలిచే స్కానుతో కొలిచి, పాత కొలతతో పోల్చి చూస్తారు. యంత్రం నాడి చుట్టూ సుమారు 3.4 మిల్లీమీటర్ల వ్యాసంతో వృత్తం గీసి గడియారంలా 12 గడులుగా విడదీస్తుంది. గడికి 30 డిగ్రీలు. పొర మామూలుగా ఉంటే గడి ఆకుపచ్చ, మామూలుకన్నా బాగా పల్చబడితే ఎరుపు.

చిక్కంతా ఇక్కడే. పొర మందం అంతటా ఒకటి కాదు. కుడికంట్లో 11, 7 గంటల దగ్గర మందం, 9 దగ్గర పల్చన. గ్రాఫులో రెండు మూపురాలు లేస్తాయి. తల ఒరిగితే కన్ను ఎదురు తిరుగుతుంది గానీ కొంచెమే. మిగతా వంపంతా బొమ్మలోకి ఎక్కుతుంది. 10 డిగ్రీలు తిరిగితే మూపురం మూడో వంతు గడి పక్కకు జరుగుతుంది. పోయినసారి ఆకుపచ్చగా ఉన్న 7వ గడి ఈసారి ఎర్రబడొచ్చు, నరం ఒక్కటీ పోకుండానే.

అందుకే నేను ముందు గడులన్నిటి సగటు మందం చూస్తాను. కన్ను తిరిగినంత మాత్రాన సగటు పెద్దగా కదలదు. ఒక గడి తగ్గి దాని పక్కది పెరిగితే వంపునే అనుమానించాలి. మూపురం ఉన్నచోటే కుంగితే అది నష్టం కావచ్చు, డాక్టరు చూడాల్సిందే. వృత్తం నడిమికి కాకుండా పక్కకు పడితే లెక్క వేరు: నాడికి దగ్గరైన వైపు మందంగా, దూరమైన వైపు పల్చగా వస్తుంది.

కూర్చోబెట్టడంలోనే సగం పని. బల్ల ఎత్తు సరిచేసి, తలపాగా తీయించి, నుదురు పట్టీకి తగిలించాలి. రెండు కళ్ల బయటి మూలలు ఒకే మట్టంలో ఉండాలి. వినికిడి తక్కువైన పెద్దవాళ్లు మాట వినడానికి చెవి నావైపు తిప్పుతారు, తల ఒరిగిపోతుంది. "పెద్దాయనా, గడ్డం బాగా ఆనించు, పచ్చ గుర్తునే చూడు" అని గడ్డం పెట్టకముందే చెప్పేస్తాను. కన్ను ఆరిపోయి బొమ్మ మసకగా వస్తే కన్నీటి చుక్క వేసి మళ్లీ తీస్తాను.

తీశాక నాడి నుంచి మాక్యులా (సూటి చూపు చూసే చోటు) నడిమికి గీత ఊహించుకుంటాను. మాక్యులా నాడికన్నా సగటున సుమారు 7 డిగ్రీలు కిందికి ఉంటుంది, మనిషి మనిషికీ తేడా. కాబట్టి అదే కంటి పాత బొమ్మతో, రక్తనాళాల కొమ్మలతో సరిచూడాలి. కొన్ని యంత్రాలు ఈ సర్దుబాటు వాటంతటవే చేస్తాయి. ఏ యంత్రమైనా పాత ప్రింటు తెచ్చుకోండి, వీలైతే అదే యంత్రం మీద తీయించుకోండి.

ఒకటి రెండుగా కనబడే జబ్బు వల్ల తల ఎప్పుడూ ఒరిగే ఉండేవాళ్లుంటారు. వాళ్ల తల నిటారుగా పెట్టినా బొమ్మ వంకరగానే రావచ్చు. ఆ సంగతి రిపోర్టు మీదే రాసి పంపుతాను.