పైన పటారం

ఆదివారం, రాత్రి పది.

పొద్దున ఏడింటికి కూర్చుంటే ఇందాకే లేచాను. రోజంతా ఏం చేశావంటే, గ్రీజు గీకాను. మూడుసార్లు చేతులు కడిగినా గోళ్ల సందుల్లో ఇంకా నల్లగానే ఉంది. ఈ పేజీ మూలన పడ్డ బొటనవేలి ముద్ర కూడా దానిదే.

పాత జీపు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు తిప్పుడుని వెనక్కి మోసుకెళ్లే పొడుగు కడ్డీ), డిఫరెన్షియల్ (ఆ తిప్పుడుని వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) పోయిన ఆదివారమే కిందికి దించి షెడ్డులో గోనెపట్టా మీద పడేశాను. వారమంతా ఆఫీసుకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి వాటి వంక చూడటం, ఆదివారం చూద్దాంలే అనుకోవడం. షాఫ్టు చివరి జాయింటు మీద ఎంత పేరుకుపోయిందంటే, వేలితో నొక్కితే వేలు దిగుతోంది గానీ ఇనుము తగలడం లేదు. అది చూసి లోపల ఒకరకంగా సంతోషించాను కూడా. ఇంత గ్రీజు ఉందంటే ఎవరో బాగానే చూసుకున్నారు, లోపల అంతా భద్రంగా ఉంటుంది అనుకున్నాను.

ఇంతకుముందైతే ఇలాంటివి తీసుకెళ్లి తిన్నగా కిరోసిన్‌లో ముంచేవాణ్ని. అది తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. గట్టిగా ఉన్న మడ్డి కాస్తా జారుడు మడ్డి అవుతుంది, చేతికి, నేలకి, చొక్కాకి అన్నిటికీ ఎక్కుతుంది, కిరోసిన్ పది నిమిషాల్లో పనికిరాకుండా పోతుంది. ఈసారి ముందు పొడిగానే గీకాను. పుట్టీ పెట్టే రేకు ఒకటి, సందులకి చెక్కిన కర్రపుల్ల ఒకటి. పై పొర ఎండిన బురద పెళ్లల్లా ఊడివచ్చింది. దాని కింద తారులాంటిది. ఇంకా కిందికి వెళ్తే గోధుమరంగులో మెత్తగా, ఓ మూల మాత్రం నీలంగా. ఆ నీలం ఎప్పుడో ఒకసారి ఎవరో వేరే రకం డబ్బా తెరిచి కొట్టారన్నమాట. అలా రెండు రకాలు కలపడం అన్నివేళలా మంచిది కాదు, కొన్నింటికి పొసగదు. పొసగకపోతే నీళ్లలా పలచబడవచ్చు, రాయిలా గట్టిపడనూవచ్చు.

గీకిందంతా కలిపితే పెయింటు డబ్బాలో సగం పైనే వచ్చింది.

గ్రీజంటే చిక్కటి నూనె అనుకుంటాం గానీ, నిజానికి అది సబ్బు పట్టి ఉంచిన నూనె. మన స్నానం సబ్బు కాదు, లిథియం సబ్బో కాల్షియం సబ్బో. స్పాంజి నీళ్లని పట్టుకున్నట్టు ఆ సబ్బు నూనెని పట్టుకుని, అవసరమైన చోట కొంచెం కొంచెం వదులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నూనె ఊరి వెళ్లిపోతుంది, మిగిలింది గాలికి గట్టిపడుతుంది, దాని మీద దుమ్ము. కిరోసిన్ పోయగానే మెరుపు కనిపించి పని అయిపోయిందనిపించడం, ఆరాక చూస్తే బూడిదరంగు పొర అలాగే ఉండటం అందుకే. నూనె కరిగింది, సబ్బు కరగలేదు. దాన్ని బ్రష్షుతో రుద్ది లేపాల్సిందే. ఇనుముకి వైర్ బ్రష్షు, బేరింగు తిరిగే చోట, సీలు కూర్చునే చోట మాత్రం పాత టూత్ బ్రష్షు. అక్కడ చిన్న గీత పడినా రేపు నూనె కారేది ఆ గీతలోంచే.

గ్లౌజుల సంగతి కూడా రాసుకోవాలి, మళ్లీ మర్చిపోతాను. వంటింటి సింకు దగ్గరున్న రబ్బరు గ్లౌజులు అడక్కుండా తెచ్చుకున్నాను. అరగంటకి అవి ఉబ్బిపోయి, వేళ్లు నా వేళ్లకంటే అంగుళం పొడుగయ్యాయి. మామూలు రబ్బరు కిరోసిన్ పీల్చుకుని అలా ఉబ్బుతుంది, నైట్రిల్‌వి అయితే చాలావరకు ఆగుతాయి. మా ఆవిడ చూసి, "అవి ఇక మీకే ఉంచుకోండి" అంది.

పెట్రోలుతో అయితే ఇంకా తొందరగా పోతుంది కదా అంటారు. పోతుంది. నేనూ ఆ పని చేసినవాణ్నే, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కిరోసిన్ ఆవిరి అంటుకోవాలంటే అది సుమారు 38 డిగ్రీల దాకా వేడెక్కాలి. పెట్రోలుకి సున్నాకి కింద 40 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న నిప్పుని వెతుక్కుంటుంది. గ్రీజుదేముంది, సాయంత్రానికి పోతుంది.

పదకొండింటికి అసలు టెన్షన్ మొదలైంది. షాఫ్టు రెండు ముక్కలుగా ఊడుతుంది. పొడుగు ముక్కకి చివర నిలువు గాడులుంటాయి, పొట్టి ముక్క వాటి మీదికి జారి కూర్చుంటుంది. ఊడదీసేముందు రెండింటి మీదా పసుపు పెయింటుతో చక్కగా ఒక గీత పెట్టాను, మళ్లీ అలాగే కలపాలని. పొట్టి ముక్కని గంటసేపు కిరోసిన్ తొట్టిలో నానబెట్టి తీస్తే గీత లేదు. పెయింటు కూడా కిరోసిన్‌కి లోకువే అని గీత పెట్టినప్పుడు నాకు తట్టలేదు. పోనీ పొడుగు ముక్క మీద ఉందిగా అని తిరిగి చూస్తే, అక్కడ నేనే పీలికతో తళతళలాడేలా తుడిచేశాను.

ఆ గీతకెందుకింత బాధ అంటే, ఈ క్రాస్ జాయింటు వంగి తిరిగేటప్పుడు ఇవతలి వేగం నిలకడగా ఉన్నా అవతలి వేగం ఉండదు. ఒక చుట్టులో రెండుసార్లు ముందుకి ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. 20 డిగ్రీల వంపులో ఆ తేడా అటు 6 శాతం, ఇటు 6 శాతం. షాఫ్టు రెండో చివర ఉన్న జాయింటు సరిగ్గా ఎదురు ఉరుకు ఉరికి దాన్ని సరిచేస్తుంది. అలా సరిచేయాలంటే షాఫ్టు రెండు కొసల్లోని యోక్‌ల (జాయింటుని పట్టుకునే రెండు కొమ్ముల ముక్కల) కొమ్ములు ఒకే వరసలో ఉండాలి. కంటితో చూసి ఆ వరస తేవచ్చు, నాకూ తెలుసు. కానీ అలా తేవడానికి రెండు దారులున్నాయి, సగం చుట్టు తిప్పి పెట్టినా వరస కుదురుతుంది. బ్యాలెన్స్ చేసింది మాత్రం ఒక దారికే. తప్పు దారిలో పెడితే వేగం పెరగ్గానే సీటు కింద వణుకు.

తిట్టుకుంటూనే టూత్ బ్రష్షు తీసుకుని పొట్టి ముక్క మెడ దగ్గర మిగిలిన నల్ల పొరని రుద్దుతున్నాను. బ్రష్షు కింద ఏదో గరుగ్గా తగిలింది. తుడిచి, వెలుతురులోకి తిప్పి చూస్తే చిన్న బాణం గుర్తు, లోతుగా గుద్దింది. పొడుగు ముక్క మీద అదే ఎత్తులో వెతికితే ఇంకోటి. బాణానికి ఎదురు బాణం. తయారుచేసినప్పుడే పెట్టిన గుర్తులవి, ఇన్నేళ్లూ గ్రీజు కింద ఉన్నాయి. ఒక్క నలుసు తుప్పు లేదు.

మధ్యాహ్నం జాయింటు విప్పాను. దాని నడుమ నాలుగు కాళ్ల క్రాస్ ఉంటుంది, ఒక్కో కాలికి ఒక కప్పు. నాలుగు లాకులు తీసి, వైసులో బిగించి, కప్పుల్ని ఒక్కొక్కటే బయటికి నెట్టాలి. కప్పులో జుట్టుపిన్నులకన్నా పొట్టిగా నీడిల్స్, అంటే సన్నటి ఉక్కు పుల్లలు, గోడకి ఆనుకుని వరసగా నిలబడి ఉంటాయి. గ్రీజే వాటిని నిలబెట్టేది, కడగ్గానే అన్నీ పడిపోతాయి. లెక్కపెట్టే పని మా అమ్మాయికిచ్చాను. మూడు కప్పుల్లో 29 చొప్పున వచ్చాయి.

"నాన్నా, దీంట్లో ఇరవై ఎనిమిదే."

"మళ్లీ లెక్కపెట్టమ్మా."

"రెండుసార్లు పెట్టా నాన్నా. పైగా ఇవి ఎర్రగా ఉన్నాయి."

వెళ్లి చూస్తే నిజమే. మిగతా మూడింట్లో గ్రీజు నల్లబడినా తడి ఉంది. నాలుగో కప్పులో గ్రీజు చుక్క లేదు, ఇటుకపొడి లాంటి ఎర్రటి దుమ్ము. ఆ కప్పులో తిరిగే క్రాస్ కాలు మీద నీడిల్ పడుకున్న చోటల్లా ఒక గాడి. గోరు అడ్డంగా లాగితే టకటకమని తగులుతోంది, చిన్న దువ్వెన మీద లాగినట్టు.

క్రాస్ నడిమధ్య ఉండేది ఒక్కటే గ్రీజు నిపిల్, గ్రీజు లోపలికి కొట్టే మూతి. 1929లో ఆస్కర్ జెర్క్ పేటెంట్ తీసుకున్న ఆ బుల్లి ముక్కనే ఇప్పటికీ వాడుతున్నాం. అక్కడ కొట్టిన గ్రీజు క్రాస్ లోపలి సన్నటి దారుల గుండా నాలుగు కాళ్లకీ వెళ్లాలి. సైకిల్ చువ్వ ముక్క ఒకటి తెచ్చి ఒక్కో దారిలో దూర్చాను. మూడింట్లో సులువుగా దిగింది. నాలుగోదాంట్లో సగం దాకా వెళ్లి ఆగింది. అటూ ఇటూ తిప్పి గట్టిగా నెడితే పెన్సిల్ ముల్లంత నల్లటి ముక్క ఊడిపడింది. వేళ్ల మధ్య నలిపితే నలగలేదు, మైనంలా విరిగింది. అదీ ఒకప్పుడు గ్రీజే.

అప్పుడు అర్థమైంది పొద్దున నేను మురిసిపోయిన ఆ గుట్ట ఏమిటో. గ్రీజు గన్ను పెట్టి కొట్టినవాళ్లు కొట్టారు, పాపం, వాళ్ల తప్పేం లేదు. గ్రీజు తేలికైన దారే చూసుకుంటుంది. మూడు కాళ్లకి నిండుగా వెళ్లింది, వాటి సీళ్లలోంచి పొంగి బయటికొచ్చింది, షాఫ్టు తిరిగే విసురుకి చుట్టూ చిమ్మి పేరుకుంది. బయటికి పొంగింది కదా, నిండిందనుకున్నారు. నాలుగో కాలు మాత్రం ఎన్నేళ్లు ఎండి తిరిగిందో. ఆవిడ గుమ్మంలోంచే ఇదంతా విని, "పైన పటారం, లోన లొటారం" అని లోపలికెళ్లిపోయింది.

తప్పిపోయిన నీడిల్ తొట్టి అడుగున దొరికింది, అయస్కాంతం తిప్పితే వచ్చింది. దొరికినా ఏం లాభం, ఆ క్రాస్ ఎలాగూ మార్చాల్సిందే.

డిఫరెన్షియల్‌కి సాయంత్రం ఓ గంట చాలింది. మూత తీయగానే గంధకం వాసన గుప్పుమంది. గేర్ ఆయిల్లో పళ్లు ఒరుసుకోకుండా కలిపేవి ఆ వాసనే వేస్తాయి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి నూగు అంటింది, అంతే. నూగు ఫర్వాలేదు, చెక్కలు చెక్కలుగా వస్తేనే భయపడాలి. క్రౌన్ (లోపలి పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్నది పినియన్) తుడిస్తే 8, 43 అని అంకెలు కనిపించాయి. పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 43. 43ని 8తో భాగిస్తే 5.375. ఈ బండి ఎత్తు ఎంత తేలిగ్గా ఎక్కుతుందో, చదును దారిలో ఎందుకంత అరుస్తుందో ఆ ఒక్క అంకెలో ఉంది. 8కీ 43కీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేకపోవడం కావాలని చేసిందే. ఒక పన్ను మళ్లీ తన పాత జోడీ దగ్గరికి వచ్చేలోపు అవతలి పళ్లన్నిటినీ పలకరించాల్సిందే, దాంతో అరుగుదల అందరికీ సమానంగా పంచుకుంటుంది. లెక్కల్లో ఇంత అందమైనది స్కూల్లో నాకెవరూ చూపించలేదు.

చివర్లో అన్నిటినీ వేడినీళ్లు, సబ్బుతో కడిగి ఆరబెట్టి నూనె రాయాలి. కడిగాను. అంతలో ఫోన్ మోగింది. పది నిమిషాలు మాట్లాడి వచ్చేసరికి పొద్దుటి నుంచి రుద్ది రుద్ది తెల్లగా చేసిన ఇనుము మీద సన్నగా నారింజరంగు పొర. ఇన్నేళ్లు ఆ మురికి కింద తుప్పు పట్టనిది పది నిమిషాలకే పట్టింది. మళ్లీ రుద్ది, ఈసారి ఫోన్ లోపల పెట్టి, ముందే నూనె పీలిక చేతిలో ఉంచుకుని తుడిచాను.

కిరోసిన్ మూతపెట్టి ఉంచాను. రేపటికి మడ్డి అడుక్కి దిగితే పైన తేరింది వంపుకుని ఇంకోసారి వాడొచ్చు. ఎందుకంటే షాఫ్టు పొడుగు ముక్క అవతలి చివర ఉన్న రెండో జాయింటు ఇంకా విప్పలేదు. దాని మీద గ్రీజు దీనికంటే ఎక్కువ ఉంది.