అమెరికాలో వేసవి జాగ్రఫీ కోర్సు చెప్పడం: అపాయింట్‌మెంట్ నుంచి గ్రేడ్ల దాకా నా అనుభవం

టీచింగ్ అసిస్టెంట్‌షిప్ జీతం మే మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ మొదలయ్యేది ఆగస్టులో. అమెరికాలో పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఆ మధ్యకాలం గడిచే దారుల్లో వేసవి కోర్సు చెప్పడం ఒకటి. జాగ్రఫీలో నేను వెళ్లిన దారి అదే. చూడ్డానికి చిన్న పనిలా ఉంటుంది కానీ, 15 వారాల సరుకును 5 వారాల్లో దించాలి. అపాయింట్‌మెంట్, వీసా, పన్ను, ల్యాబ్, ఏది తీసుకున్నా ఇబ్బంది ఆ కుదింపు దగ్గరే మొదలవుతుంది.

అర్హత సంగతి ముందు చూసుకోవాలి. దక్షిణాది రాష్ట్రాల కాలేజీలకు గుర్తింపునిచ్చే సాక్స్‌కాక్ మార్గదర్శకాల ప్రకారం, సొంతంగా కోర్సు చెప్పే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌కు ఆ సబ్జెక్టులో మాస్టర్స్ గానీ, 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు గానీ ఉండాలి. ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో జాగ్రఫీ ఎమ్మెస్సీ చేసి వచ్చినవాళ్లు మార్కుల జాబితాను ఇక్కడి క్రెడిట్లలోకి మార్చే మూల్యాంకన నివేదిక తెప్పించుకుంటే సరిపోతుంది. మనవాళ్లలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, రిమోట్ సెన్సింగ్ మీదుగా జాగ్రఫీ పీహెచ్‌డీకి వచ్చేవాళ్లు చాలామంది. చిక్కు వాళ్లకే. ఎంటెక్ ఉన్నా అది వేరే సబ్జెక్టు కింద లెక్కవుతుంది. జాగ్రఫీ కోడ్ ఉన్న మూడు క్రెడిట్ల కోర్సులు ఆరు పూర్తయ్యేదాకా ఫైలు కదలదు. అందుకే రెండో ఏడాదిలో ఏ కోర్సులు తీసుకోవాలో ఈ లెక్క చూసుకునే తేల్చుకోవాలి.

దరఖాస్తులు సాధారణంగా శీతాకాలంలోనే పిలుస్తారు. సీవీ, ట్రాన్‌స్క్రిప్ట్, మునుపటి విద్యార్థుల మూల్యాంకనాలు, ఒక నమూనా సిలబస్ అడుగుతారు. ఈ నాలుగింటిలో పని చేసేది సిలబసే. పదిహేను వారాల సిలబస్‌నే పంపితే వేసవి గురించి ఆలోచించలేదని డిపార్ట్‌మెంట్ ఛైర్‌కు వెంటనే తెలిసిపోతుంది. ఐదు వారాలకు రోజువారీ ప్రణాళిక వేసి పంపండి.

ఏ కోర్సు అడగాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. నమోదు సరిపోకపోతే కోర్సు రద్దవుతుంది, దాంతో అపాయింట్‌మెంటూ పోతుంది. పై స్థాయి కోర్సులు వేసవిలో నిండవు. ల్యాబ్ ఉన్న ఫిజికల్ జాగ్రఫీ నిండుతుంది, ఎందుకంటే డిగ్రీకి ఉండాల్సిన సైన్స్ కోర్సు అవసరం తీర్చుకోవడానికి బిజినెస్, సాహిత్యం విద్యార్థులు కూడా అందులో చేరతారు. వరల్డ్ రీజినల్ జాగ్రఫీకీ అలాంటి గిరాకీయే. రిజిస్ట్రేషన్ తెరిచిన వారంలోనే ఇతర విభాగాల అడ్వైజర్లకు, ఈ కోర్సు ఏ అవసరానికి లెక్కవుతుందో చెబుతూ రెండు వాక్యాల మెయిల్ పంపాలి. పోస్టర్ల కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

ఆఫర్ లెటర్‌లో మూడు సంగతులు చదవకుండా సంతకం పెట్టకండి: అపాయింట్‌మెంట్ తేదీలు, వారానికి చూపిన గంటలు, రద్దు షరతు. రద్దు షరతులో కనీసం ఎంతమంది ఉండాలి, నిర్ణయం ఏ తేదీన, అన్నవి అంకెల్లో ఉండాలి. కొన్నిచోట్ల తక్కువమంది చేరితే కోర్సు రద్దు చేయకుండా తలకింత చొప్పున జీతం తగ్గించి నడిపిస్తారు. ఆ వెసులుబాటు ఉందేమో మాటల్లో కాక, రాతలో అడగాలి. నిర్ణయ తేదీ కోర్సు మొదలయ్యే ముందురోజే ఉంటే, వేసవి అద్దెను ఆ జీతం మీద పెట్టుకోవద్దు.

గంటల లెక్క దగ్గర కొంచెం ఆగాలి. మూడు క్రెడిట్ల కోర్సంటే 50 నిమిషాల చొప్పున 45 పీరియడ్లు, అంటే 2,250 నిమిషాలు. ఐదు వారాల్లో, సోమవారం నుంచి గురువారం దాకా పెడితే రోజుకు 112 నిమిషాలకు పైనే. తాత్కాలిక అధ్యాపకుల పని గంటలు లెక్కించడానికి అమెరికా పన్ను శాఖ ఆరోగ్య బీమా నిబంధనల్లో ఒక పద్ధతిని అంగీకరించింది: క్లాసులో ఒక గంటకు, తయారీ, దిద్దుబాటు కలిపి 2.25 గంటలు. చాలా విశ్వవిద్యాలయాలు దాన్నే వాడతాయి. పీరియడ్‌ను గంటగా తీసుకుంటే వారానికి 9 పీరియడ్లు అంటే 20.25 గంటలు. మామూలు సెమిస్టర్‌లో ఏడు గంటలు దాటని కోర్సు ఇక్కడ 20 దాటేసింది.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఆ పావుగంట ముఖ్యం. వేసవి మీకు సెలవు కింద లెక్కయి, ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌లో చదువు కొనసాగించేవాళ్లయితే క్యాంపస్‌లో 20 గంటలు దాటి పని చేయొచ్చు. కానీ డిగ్రీ పూర్తయ్యే చివరి టర్మే వేసవి అయితే, 20 గంటల హద్దు అలాగే ఉంటుంది. అప్పుడు లెటర్‌లోని గంటలను ఇంటర్నేషనల్ ఆఫీసుకు ముందే చూపించాలి. మేలోనే డిగ్రీ ముగిస్తే ఇంకో సంగతి: క్యాంపస్ ఉద్యోగ హక్కు ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే వీసా అర్హత పత్రం)లోని ముగింపు తేదీతో ఆగిపోతుంది. ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) కార్డు వచ్చి, దాని మీది ప్రారంభ తేదీ వచ్చేదాకా ఆన్‌లైన్ క్లాసు కూడా చెప్పకూడదు.

పన్నులో జనం మర్చిపోయేది సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత, మొత్తం 7.65 శాతం. వచ్చిన తర్వాత మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఎఫ్-1 విద్యార్థులకు అది ఉండదు. ఆగస్టు 2021లో దిగినవాళ్లకు 2021 కూడా పూర్తి సంవత్సరమే, కాబట్టి 2025తో మినహాయింపు అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది విద్యార్థి హోదా వల్ల వచ్చే మినహాయింపు. దానికి పూర్తికాల విద్యార్థి తీసుకునే క్రెడిట్లలో కనీసం సగానికైనా నమోదై ఉండాలి. వేసవిలో ఏమీ రిజిస్టర్ చేయకపోతే కోత పడుతుంది. కోత తప్పించుకోవడానికని ట్యూషన్ కట్టి క్రెడిట్లు తీసుకోవడం చాలాసార్లు నష్టమే. రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూడండి.

ఇక పాఠం. ఇరవై రోజుల కోర్సులో ఒక రోజు పోతే, మామూలు సెమిస్టర్‌లో వారంలో ముప్పాతిక భాగం పోయినట్టు. అందుకని గైర్హాజరు, ఆలస్యంగా ఇచ్చే పనుల నియమాలు సిలబస్‌లో మొదటి పేజీలోనే ఉండాలి. దిద్దుబాటు లెక్క కూడా ముందే వేసుకోవాలి: 24 మంది, వారానికి రెండు ల్యాబ్‌లు, ఒక్కోదానికి 10 నిమిషాలు అంటే వారానికి 8 గంటలు. నా పద్ధతిలో ప్రతి ల్యాబ్‌లో ఒక పటం, రెండు లెక్కలు, ఒక పేరా వివరణ మాత్రమే దిద్దుతాను. మిగతావి క్యాన్వాస్ అనే ఆన్‌లైన్ కోర్సు వేదికలో దానంతట అదే మార్కులు వేసే ప్రశ్నలు.

జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల విశ్లేషణ) కోర్సయితే మొదటి వారమంతా సాఫ్ట్‌వేర్ తినేస్తుంది. అందులో వాడే ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్ మీదే నడుస్తుంది. మ్యాక్ తెచ్చేవాళ్లకు రిమోట్ డెస్క్‌టాప్ గానీ, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గానీ మొదటి రోజుకే సిద్ధంగా ఉండాలి. లైసెన్సులు అందరి ఖాతాలకూ చేరాయో లేదో ల్యాబ్ సిబ్బందితో ముందు వారమే చూడాలి. ఆ తర్వాత వచ్చే తప్పులు ఏటా అవే. షేప్‌ఫైల్ (పటం సమాచారం ఉండే ఫైళ్ల గుంపు) అని ఒక్క ఎస్‌హెచ్‌పీ ఫైలునే అప్‌లోడ్ చేస్తారు. దానితో ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ లేకపోతే పొర తెరుచుకోదు. నిర్దేశాంక వ్యవస్థ వివరం ఉండే పీఆర్‌జే లేకపోతే తెరుచుకుంటుంది కానీ ఎక్కడ ఉండాలో దానికి తెలియదు. అప్పుడు డిఫైన్ ప్రొజెక్షన్ పరికరంతో తమకు తోచిన నిర్దేశాంక వ్యవస్థ అంటిస్తారు, కౌంటీ వెళ్లి సముద్రంలో తేలుతుంది. డిఫైన్ ప్రొజెక్షన్ పేరుచీటీ మాత్రమే మారుస్తుంది. అంకెలను నిజంగా మార్చేది ప్రాజెక్ట్ పరికరం. ఈ తేడా మీద పూర్తి గంట పెట్టండి. తర్వాతి నాలుగు వారాల్లో అంతకు మించే మిగులుతుంది.

ఫిజికల్ జాగ్రఫీకి వేసవి ఒక మేలు చేస్తుంది. అట్లాంటిక్ హరికేన్ కాలం జూన్ 1న మొదలవుతుంది, కాబట్టి పీడనం, కోరియాలిస్ (భూమి తిరగడం వల్ల గాలి పక్కకు మళ్లడం) పాఠాలు ఆ రోజు ఉపగ్రహ చిత్రంతోనే చెప్పొచ్చు. పక్కనే 2014 అక్టోబర్ 12న విశాఖ తీరం దాటిన హుద్‌హుద్ చిత్రం పెడతాను. రెండు సముద్రాలు, రెండు పేర్లు, సుడి తిరిగే దిశ మాత్రం ఒకటే, అపసవ్యం. ఎందుకని వాళ్లే అడుగుతారు.

చివరి పరీక్ష ముగిశాక గ్రేడ్లకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. అపాయింట్‌మెంట్ తేదీ అయిపోగానే కొన్నిచోట్ల క్యాన్వాస్ ప్రవేశం కూడా పోతుంది. పాఠాలు, మూల్యాంకనాలు అంతకు ముందే దించుకోండి. కోర్సు నంబరు, క్రెడిట్లు, విద్యార్థుల సంఖ్య, తేదీలతో పాటు మీరు సహాయకులు కాదు, ఇన్‌స్ట్రక్టర్ ఆఫ్ రికార్డ్ (కోర్సు బాధ్యత పూర్తిగా మోసే అధ్యాపకులు) అని స్పష్టంగా రాసిన లేఖ డిపార్ట్‌మెంట్ నుంచి తీసుకోండి. ఎవరికైనా ఇన్‌కంప్లీట్ గ్రేడ్ ఇస్తే, మిగిలిన పని ఏమిటి, గడువు ఎప్పుడు, మీరు లేనప్పుడు దిద్దేదెవరు అన్నది ఛైర్‌కు మెయిల్ చేసి, ఆయన జవాబు వచ్చాకే గ్రేడు సమర్పించండి.