గనికి పోయినోళ్ల పేర్లు రాయి మీదికెక్కే దాకా

కోలారు బంగారు గనుల్లో షాఫ్టులకు, అంటే గనిలోకి దిగే నిలువు బావులకు, పేర్లున్నాయి, గిఫర్డ్, ఎడ్గర్ అని. పేటలకూ ఉన్నాయి, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట అని. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చాక అక్కడ దొరల పేర్లు అలా నిలిచిపోయాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతుకు దిగి రాయి కొట్టినవాళ్లలో మా కుప్పం, గుడుపల్లె వైపు ఊళ్లవాళ్లు ఎంతమందో. మా నాయన బిసానత్తంలో రైలెక్కి, బంగారుపేటలో దిగి, మారికుప్పం బండి పట్టుకుని పనికి పోయేవాడు. ఆ తర్వాత మాకు దగ్గర్లోనే ఉన్న చిగురుగుంట గనికి మారాడు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూసేశారు. వాటిని నడిపిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ చేతిలోనే ఉన్న చిగురుగుంట కూడా మూతపడింది. ఆ గనుల్లో రాయి కొట్టిన మావాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మా ఊరి వరకైనా ఒక రాయి నిలపాలని పట్టుబట్టాను.

మామూలు మనిషి పేరు రాయి మీద చెక్కడం మా ప్రాంతానికి కొత్త కాదు. పుంగనూరు చుట్టుపక్కల సోరెమడి యుద్ధంలో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు, వీరగల్లులు, వెయ్యేళ్లు దాటినా ఉన్నాయి. ఆవుల మందను కాపాడబోయి చచ్చినవాడికీ ఊరు రాయి నిలిపింది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద మనిషి, పక్కన నాలుగు మాటల రాత. మాకూ అలాంటిదే కావాలనుకున్నాం. విగ్రహాలు, మంటపాలు ఏవీ వద్దు.

మొదటి చిక్కు స్థలం. బస్సు ఆగే చోట, నలుగురూ చూసేలా పెడదామని గ్రామ సచివాలయానికి వెళ్లాను. కార్యదర్శి గారు కూర్చోబెట్టి విషయం చెప్పారు. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే చోట్ల విగ్రహాలు, కట్టడాలు పెట్టకూడదని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనూ జీవో 18 వచ్చింది. "రాయేగా సార్" అన్నాను. "రాయైనా కట్టడమేనమ్మా. రేపు రోడ్డు వెడల్పు చేస్తే మొదట లేచేది మీ రాయే" అన్నారు. ఆ మాట నిజం. బడి ఆవరణంటే విద్యాశాఖను అడగాలి, గుడి మాన్యమంటే దేవాదాయ శాఖను అడగాలి. చివరికి మా చిన్నాయన చెరువు బాటను ఆనుకుని ఉన్న తన పట్టా భూమిలో ఒక మూల ఇస్తానన్నాడు.

ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు ఇక్కడొకటి గట్టిగా చెబుతాను. నోటిమాట మీద సొంత పొలంలో రాయి పాతేయకండి. ఈ తరం వాళ్లు ఇష్టంగానే ఇస్తారు, వాళ్ల మనవళ్లు అమ్ముకునే రోజున కొన్నవాడికి ఆ రాయి అడ్డమవుతుంది. మేం ఆ భూమి రికార్డులు, 1బీ, అడంగల్ తీయించి, గ్రామ సర్వేయరు చేత కొలిపించి, ఆ మూలను పంచాయతీ పేరు మీద దాన దస్తావేజుగా రిజిస్టరు చేయించాం. తర్వాత గ్రామసభలో తీర్మానం పెట్టించాం. రాయి బాగోగులు ఎవరు చూసుకోవాలో తీర్మానంలోనే రాయించుకోవాలి. లేకపోతే రెండు వానాకాలాలకు కంప మూసేస్తుంది.

కాగితాల పని ఇంతే. ఓపిక ఉంటే అవుతుంది. అసలు కష్టం పేర్ల దగ్గర మొదలైంది.

కంపెనీ రికార్డులో ఇంటిపేరు ఉండదు, ఒక పొడి అక్షరం, పక్కన పేరు. మా ఊళ్లో మునెప్పలు, వెంకటప్పలు వీధికొకరు. అందుకే ఇల్లిల్లూ తిరిగాను. గని మూసేటప్పుడిచ్చిన సెటిల్‌మెంట్ కాగితం కొందరు పెట్టె అడుగున దాచుకున్నారు, కొందరి దగ్గర పీఎఫ్ చీటీ మాత్రమే మిగిలింది, కొందరి దగ్గర అదీ లేదు. అవ్వలకు తారీఖులు గుర్తుండవు. "మా పెద్దోడు పుట్టిన ఏడు", "చెరువు తెగిన ఏడు" అంటారు. ఒకే షిఫ్టులో పనిచేసిన ఇద్దరు సాక్ష్యం చెబితే పేరు ఒప్పుకోవాలని పెట్టుకున్నాం.

గొడవ గ్రామసభలో వచ్చింది. గనిలో పైకప్పు విరిగి పడో, ఏర్‌బ్లాస్ట్ అయ్యో, అంటే లోతులో ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పేలో, చనిపోయినవాళ్ల పేర్ల మీద ఎవరికీ అభ్యంతరం లేదు. గని మానేసి ఇంటికొచ్చి, దగ్గి దగ్గి పోయినవాళ్ల సంగతేంటి?

"గనిలో పోయినోళ్లవే రాయిద్దాం పాపా. మంచంలో పోయినోళ్లవీ రాస్తే ఇంగ ఊరంతా రాయాల్సొస్తుంది" అన్నాడు ఒక పెద్దాయన. ఆయనా గనిలో చేసినవాడే.

వెనక వరసలో కూర్చున్న పెద్దమ్మ లేచింది. "మా ఆయన మంచంలోనే పోయినాడు, నిజమే. మంచమా చంపింది? పండుకుంటే ఊపిరాడదని గోడకానుకోని కూసోనే ఉండినాడు రాత్రంతా. ఏండ్ల పొద్దు కూసున్నాడప్పా. అది యాడ తెచ్చుకున్నాడు, మా మడికాడనా?"

సభలో ఎవరూ నోరెత్తలేదు. మా నాయన కూడా అలాగే కూర్చునేవాడు.

బంగారం దొరికేది పలుగురాతిలో. దానికి డ్రిల్లు పెడితే లేచే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయి మచ్చలు కట్టిస్తుంది, ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. పని మానినా జబ్బు ఆగదు, ఏళ్ల తరబడి లోపలే పెరుగుతుంది. దాని పేరు సిలికోసిస్. మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది కోలారు గనుల్లోనే, 1934లో. గనుల్లో ఎవరికైనా ఇది వస్తే ప్రభుత్వానికి తప్పక తెలియజేయాలన్న నియమం 1952 నుంచీ ఉంది. అయినా మా ఊళ్లో నేను చూసిన కాగితాల్లో ఆ మాటే లేదు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ తొందరగా పట్టుకుంటుంది. అందుకే ఎవరి చీటీ చూసినా క్షయ అనే ఉంది, మా నాయనదైనా అంతే. డాక్టరు కాగితం అడిగితే మా జాబితాలో సగం పేర్లు రాలిపోతాయి.

ఆ పెద్దాయనే మళ్లీ లేచి "రాయండి, అందరివీ రాయండి" అన్నాడు. గనిలో పోయినవాళ్లు ఒక పక్క, ఇంట్లో పోయినవాళ్లు ఒక పక్క అనే విభజన వద్దని కూడా ఆయనే అన్నాడు. అందరివీ ఒకే వరసలో రాయించాం.

రాయికి మాకు కొదవ లేదు. కుప్పం గ్రీన్ అని పేరున్న గ్రానైట్ మా దగ్గరిదే. ఒక పాలిషింగ్ యూనిట్‌కు వెళ్లాం. అక్షరాలు ఎలా చెక్కుతారో చూపించమన్నాను. రబ్బరు షీటు మీద అక్షరాలు కత్తిరించి రాయికి అతికించి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతారు. రబ్బరు లేనిచోట రాయి తరుగుతుంది. ఇసుక కొట్టే కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్నాడు. కనుబొమ్మలు, చెవులు తెల్లగా ఉన్నాయి. ఆ ఇసుకా పలుగే, ఆ ధూళీ సిలికానే. ఇసుకతో ఇలా కొట్టడాన్ని బ్రిటన్ 1950 ప్రాంతంలోనే ఆపించింది. ధూళికి చచ్చినవాళ్ల పేర్లను మళ్లీ ఆ ధూళితోనే రాయించడానికి నాకు మనసొప్పలేదు. యజమానికి ఆ మాటే చెప్పాను. చేతిరుమాలు ఆ ధూళిని ఆపదని, సరైన మాస్కు కావాలని, ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని కుర్రాడికి చెప్పాను. తలూపాడు. తీయించుకున్నాడో లేదో ఇంకోసారి వెళ్లి అడగాలి.

చేత్తో చెక్కే అన్నను వెతికి పట్టుకున్నాం. ఖర్చు పెరిగింది, రోజులూ పెరిగాయి. రాతి మీద జాజుతో పేర్లు రాసుకుని, తడి గోనె పక్కన పెట్టుకుని, అక్షరానికొకసారి నీళ్లు చిలకరిస్తూ ఉలి దించాడు. ఒత్తులు ఎక్కువున్న పేర్లకు చోటు చాల్లేదు. లక్ష్మయ్య అని చెక్కితే కింది ఒత్తు తర్వాతి వరస నెత్తికి తగులుతోంది. "వరసల మధ్య వేలెడు ఎడం పెంచుదాం అమ్మణ్ణీ. ఇరికిస్తే చిప్పలు లేచి పోతాయి" అన్నాడు. ఎడం పెంచి, పేర్లను రెండు నిలువు వరసలు చేశాం. తమిళం మాట్లాడే ఇళ్లవాళ్లు అడిగితే వాళ్ల పేర్లు రెండు లిపుల్లోనూ చెక్కించాం. పైన సూర్యచంద్రులను పెట్టించాం, వీరగల్లు మీద ఉన్నట్టే.

చిగురుగుంట – బిసానత్తం బ్లాకును వేలంలో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. గని మళ్లీ తెరుచుకుంటే మా పిల్లలే దిగుతారు. అప్పటి పనివాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ దగ్గుతూ ఇళ్లలోనే ఉన్నారు. అందుకే రాయి కింది భాగం ఖాళీగా వదిలాం. ఇకముందు పేరు చేర్చడానికి షిఫ్టులో కలిసి పనిచేసినవాళ్ల సాక్ష్యం, గ్రామసభ ఒప్పుదల ఉంటే చాలని, డాక్టరు కాగితం అక్కర్లేదని తీర్మానంలో రాయించాం. ఆ తీర్మానం నకలు ఒకటి నా దగ్గరుంది, ఒకటి ఆ పెద్దమ్మ దగ్గరుంది.